రెడ్ అలర్ట్ వచ్చింది, బండి తీయండి!

వాతావరణ శాఖ వాళ్లు పాపం మంచి ఉద్దేశంతోనే రంగులు పెట్టారు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే కదిలి జాగ్రత్తపడండి. హైదరాబాద్ జనం ఈ మూడో రంగులో సగం బాగానే ఒంటబట్టించుకున్నారు. కదులుతున్నారు. ములుగు వైపు.

శనివారం రాత్రి టీవీలో వార్తలు చదివే అమ్మాయి ‘ములుగు జిల్లాకు రెడ్ అలర్ట్, 20 సెంటీమీటర్లు దాటే వాన’ అని గొంతు చించుకుంటుంది. ఆమె మాట ముగియకముందే కాలనీ వాట్సాప్ గ్రూపులో కబురు: ‘బొగత జలపాతానికి ఫుల్లు నీళ్లొచ్చినయంట, రేపు పోదమా?’ అరగంటలో మూడు కార్లు, రెండు కుక్కర్లు, ఒక బ్లూటూత్ స్పీకరు తేలుతాయి. పెద్దత్తకు మోకాళ్ల నొప్పి. అక్కడ మెట్లెన్ని అని ఆమె అడుగుతుంది. అక్కడ వాగెంత లోతు అని మాత్రం ఎవరూ అడగరు.

రానూపోనూ 500 కిలోమీటర్ల పైమాట. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలనుకుని ఏడున్నరకు బయల్దేరితే, వరంగల్‌లో టిఫిన్ అయ్యేసరికి పది దాటుతుంది. దారిలోనే కదా అని రామప్ప గుడి వైపు మళ్లిస్తారు. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన గుడి. దానికి కేటాయించిన సమయం పది నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు చెప్పులెక్కడ విడవాలన్న చర్చకే పోతాయి. నాట్యభంగిమలో నిలబడ్డ ఆ మదనికలు ఎనిమిది వందల ఏళ్లుగా ఓపిక పట్టినవాళ్లు, మనల్నీ భరిస్తారు.

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన ఎక్కగానే కింద గోదావరి. ఎర్రగా, వెడల్పుగా, మాట్లాడకుండా పోతుంటుంది. నిజానికి ఆ రోజు చూడదగ్గది అదే. కానీ దానికి ‘వ్యూ పాయింట్’ అని బోర్డు లేదు కనక ఎవరూ చూడరు. ఈ వంతెన లేని రోజుల్లో హైదరాబాద్ వాళ్లు బొగత చూడాలంటే భద్రాచలం చుట్టి రావాల్సి వచ్చేది. అందుకే అప్పట్లో బొగత శుభ్రంగా ఉండేది.

బొగతకు ‘తెలంగాణ నయాగరా’ అని పేరు. మన దేశంలో కాస్త వెడల్పుగా దూకిన ప్రతి నీటికీ ఈ బిరుదు ఇచ్చేస్తాం. బస్తర్‌లోని చిత్రకోట ఒక నయాగరా, కేరళలోని అతిరప్పిళ్లి ఒక నయాగరా. బొగత ఎత్తు 30 అడుగుల మాట, నయాగరాలో గుర్రపులాడం ఆకారపు జలపాతం 180 అడుగుల పైమాట. ఎత్తు సంగతి వదిలేయండి, అసలు తేడా ఇంకోటుంది. అమెరికా, కెనడా 1950లో ఒప్పందం చేసుకుని పర్యాటకులు వచ్చే వేళల్లో నయాగరాకు ఎక్కువ నీళ్లు వదులుతాయి, జనం లేని రాత్రిళ్లు సగానికి తగ్గించి మిగతాది కరెంటుకు మళ్లిస్తాయి. అక్కడ నీళ్లు జనాన్ని చూసి పడతాయి. బొగతకు అలాంటి మర్యాదలు తెలియవు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కొండల్లో ఎక్కడో కుండపోత కురుస్తుంది, బొగత ఉన్న వాజేడులో ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. బండ మీద నిలబడి సెల్ఫీ దిగేవాడికి వెనక నీళ్ల రంగు మారడం కనిపించదు. వాడు చూస్తున్నది తన మొహాన్నే కదా.

గేటు దగ్గర అటవీ శాఖ వాచర్ ఉంటాడు. చుట్టుపక్కల ఊరి మనిషి, ఈ వాగును పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాడు. ‘సారూ, నీళ్లెక్కువున్నయ్, ఇయ్యాల కిందికి దిగనియ్యం’ అంటాడు. మన బావగారికి చుర్రుమంటుంది. ‘ఏందన్నా, మూడొందల కిలోమీటర్లకెళ్లి వచ్చినం, జరసేపే!’ దూరం నుంచి వచ్చినవాళ్లను వరద ఏమీ అనదని ఆయన నమ్మకం. అది పని చేయకపోతే ఎమ్మెల్యే గారి పీఏ పేరు బయటికొస్తుంది. ఫోన్ తీస్తాడు, సిగ్నల్ ఉండదు. తెలంగాణలో పలుకుబడి పని చేయని చోటు అడవి ఒక్కటేనేమో!

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదొద్దని మన పెద్దలు సామెత చెప్పారు. ఇప్పుడు గూగుల్ మ్యాప్ పట్టుకుని వాగులు దాటుతున్నాం.

అలా దాటబోతే ఎలా ఉంటుందో 2023 జులై 26న ఒకసారి చూశాం. వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం వాళ్లు రాత్రివేళ తాళ్లు కట్టి వాళ్లను ఇవతలికి తెచ్చారు. అదే రాత్రి ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల లెక్కన దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేదాంట్లో ముప్పావు వంతు. ఆ వానకే జంపన్నవాగు పొంగి కొండాయి ఊళ్లో మనుషులు కొట్టుకుపోయారు. వాళ్లు విహారానికి వెళ్లలేదు, తమ ఇళ్ల దగ్గరే ఉన్నారు. మనం ‘వావ్’ అని వీడియో తీసే నీళ్లు కింద ఎవరో ఒకరి ఇంట్లోకే పోతుంటాయన్నది రీల్స్‌లో పట్టదు. అందుకు ముప్పై సెకన్లు చాలవు.

ఇక నీళ్లు అనుమతించే రోజున కూడా మన కార్యక్రమం చూడముచ్చటగా ఉంటుంది. జలపాతం హోరు వినడానికి అంతదూరం వెళ్లి, అది వినపడకుండా స్పీకరు పెంచుతాం. జనం, కార్లు, హారన్లు, పార్కింగ్ దగ్గర కొట్లాట, అమీర్‌పేటలో ఏమున్నాయో అన్నీ వెంట తీసుకెళ్తాం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బిర్యానీ పొట్లాలు, నీళ్ల సీసాలు అక్కడే వదిలేస్తాం. మరుసటి పొద్దున వాటిని ఏరేది గేటు దగ్గర మనం ‘నువ్వెవడివి?’ అని అడిగిన ఆ మనిషే. దారిలో బొంగులో చికెన్ అమ్మే అమ్మ దగ్గర యాభై రూపాయలు తగ్గించమని బేరమాడి, హైవే మీద కాఫీకి రెండొందలు కిక్కురుమనకుండా కట్టేది కూడా మనమే.

రాత్రి రెండింటికి ఇంటికి చేరాక స్టేటస్ పెడతాం: ‘ప్రకృతి ఒడిలో ఒక రోజు’. ఆ రోజులో పద్నాలుగు గంటలు కారు ఒడిలోనే గడిచాయి.

వెళ్లొద్దని నేననను. బొగత అందమైన చోటు, అందులో అబద్ధం లేదు. నా మనవి చిన్నది. హెచ్చరిక ఉన్న ఆదివారం మానేసి, వరద తీశాక ఏ మంగళవారమో సెలవు పెట్టి వెళ్లండి. ఆ వాచర్ దిగొద్దంటే దిగకండి, దిగమంటే ఎక్కడిదాకా అని కూడా అతన్నే అడగండి. చెత్తకు ఒక సంచి పట్టుకెళ్లండి. వానలు తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలు బొగతలో నీళ్లుంటాయి, అప్పుడే తేటగా ఉంటాయి.