ముందు నువ్వు నవ్వు!

విశాఖ బీచ్ రోడ్డులో చరిత్రకు కొదవ లేదు, తీరికకే కరువు. కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. మరుసటి ఏడాది నుంచి ఒడ్డునే మ్యూజియం. పొడవు 91 మీటర్లు. మనవాళ్లు ఆ చివరి నుంచి ఈ చివరికి టార్పెడో కన్నా వేగంగా దూసుకొచ్చేస్తారు. "నాన్నా, ఇంత ఇరుకులో నావికులు ఎలా పడుకునేవారు?" అని పిల్లాడు అడిగితే, "ముందు నువ్వు నవ్వు" అంటూ ఫోన్ పైకెత్తుతాడు తండ్రి. పాపం, వాడొక్కడే మ్యూజియం చూడటానికి వచ్చాడు!

అదే రోడ్డులో పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం ఇంకా నయం, తోపులాట ఉండదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు కురిపిస్తే జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలిపోయారు. నాటి బాంబు ఒకటి ఇప్పుడిక్కడ బుద్ధిగా కొలువై ఉంది. దాన్ని చూసి ఒక్కరూ పారిపోవడం లేదు. పారిపోవాలంటే ముందు లోపలికి రావాలి కదండీ!

గేటు దాకా వచ్చినవారు లేరని కాదు. టికెట్టా, దండగ అని వెనుదిరిగి, అంతకు రెండింతలు మురీ మిక్చర్‌కి పోసి, గోడ ముందు నిలబడి దిగిన ఫొటోకి "హెరిటేజ్ టూర్" అని స్టేటస్ పెట్టేస్తున్నారు. లైకులు కూడా బాగానే వస్తున్నాయట.