కొమ్ము వచ్చిన దారి: విద్యాధికారి గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ విద్యాధికారి గారి దివ్యసముఖమునకు,

విశ్రాంత తెలుగు పండితుడును, ప్రస్తుతము తన కుమార్తె బోధించు మూడవ తరగతికి సెల్‌ఫోను నిలబెట్టు ఉద్యోగమును వేతనము లేకయే నిర్వహించుచున్నవాడును అగు ఒక వృద్ధుడు అనేక నమస్కారములతో చేసికొను విన్నపము.

వానవలననైనను ఎండవలననైనను బడి మూతబడిన దినములలో మూడవ తరగతి బాలబాలికలకు పఠన లేఖన నైపుణ్యములను ఆన్‌లైన్ పద్ధతిని బోధింపవలెననియు, హాజరైన పిల్లల ముఖములన్నియు స్పష్టముగ కనబడునట్లు తెరను స్క్రీన్‌షాట్ తీసి పది గంటలలోగా పంపవలెననియు, తమ కార్యాలయమునుండి వెలువడిన ఉత్తర్వు మా యింటికి చేరినది. చేరిన క్షణమునుండి మా యింట ఒక పడకగది బడియైనది. వంటయింట కుక్కరు కూయరాదను నిషేధాజ్ఞ అమలులోనికి వచ్చినది. నలువది యేండ్లుగా నా అలమరలో నిద్రించుచున్న సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములు రెండింటికి మెలకువ కలిగినది. ఆ సంపుటములను బల్లపై ఎదురెదురుగ నిలిపి, వాని నడుమ స్కేలుబద్దను అడ్డముగ వేసి, దానికి రబ్బరుబ్యాండులతో ఫోనును బోర్లగా బిగించినచో, క్రింద నున్న పుస్తకముపై మా అమ్మాయి వ్రాయు చేయి పిల్లలకు కనబడును. ఆంధ్రభాషకు ఆ మహానిఘంటువు చేసిన సేవలలో ఈ సేవయు నొకటిగ పరిగణింప ప్రార్థన.

పూర్వము అక్షరాభ్యాసమనగా ఎంత తతంగము! పళ్లెమున బియ్యము పోసి, గురువు తన పిడికిలిలో శిశువు పిడికిలిని ఇముడ్చుకొని, ఓంకారముతో నారంభించి దిద్దించెడివాడు. ఆ తరువాత వీధి అరుగుమీద ఇసుకలో వ్రేలు అరుగునంతవరకు దిద్దవలసియుండెడిది. ఆ వ్రేలు, ఆ పిడికిలి, ఆ ఇసుక, ఇవి యేవియు లేకుండ చదువు వచ్చు మార్గమును తాము ఒక్క ఉత్తర్వుతో సాధించినారు. తమ ప్రతిభను నేను మనఃపూర్వకముగ అభినందించుచున్నాను. అయితే ఆ మార్గమున నడచునపుడు కాలికి తగిలిన రాళ్లు కొన్ని కలవు. వానిని ఏరి తమ బల్లమీద పెట్టుటయే ఈ లేఖయొక్క ప్రయోజనము.

మూడవ తరగతి యనునది గుమ్మము వంటిది. అంతవరకు పిల్లవాడు చదువుట నేర్చుకొనును. అక్కడినుండి చదివి నేర్చుకొనును. కరోనా కాలమున తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ప్రారంభించినపుడు మూడవ తరగతి మొదలుకొని పైతరగతులకే వానిని నిర్ణయించినారు. ఒకటి, రెండు తరగతుల పసివారు గుమ్మమునకు ఇవతల నిలిచినారు. ఎనిమిదేండ్ల ప్రాయమువారు ఒక కాలు లోపలను, ఒక కాలు వెలుపలను పెట్టి నిలిచినారు. ఆ యేటి జూలైలో కేంద్ర మానవవనరుల అభివృద్ధిశాఖ వెలువరించిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకములు ఎనిమిదవ తరగతి వరకు దినమునకు రెండు పాఠములకు మించరాదనియు, ఒక్కొక్కటి ముప్పది మొదలు నలువదియైదు నిమిషములే యుండవలెననియు చెప్పినవి. కాలమునకు హద్దు గీయుట సులభము; గడియారము ఎవరి గోడమీదనైనను ఒక్క రీతినే నడచును. ఆ నలువదియైదు నిమిషములలో ఏమి జరుగునో చూచువారెవ్వరు?

నేను చూచినాను. ఫోను జారినపుడు నిలబెట్టవలసినవాడను కనుక చూడక తప్పినది కాదు.

మొట్టమొదట పోయినది వల్లెవేత. తరతరములుగా మన బడులు వీధి చివరినుండియే గుర్తుపట్టబడినది ఆ శబ్దముచేతనే గదా. ముప్పది గొంతులు ఒక్కటియై "క తలకట్టు క, క దీర్ఘమిస్తే కా" అని సాగునపుడు, రానివాని గొంతు వచ్చినవాని గొంతును పట్టుకొని నడచును. కుంటివానికి ఊతకఱ్ఱవలె ఆ సమూహనాదము ఉపకరించును. ఆన్‌లైన్‌లో ముప్పదిమంది ఒక్కసారి పలికినచో ఒక్కొక్క గొంతు ఒక్కొక్క క్షణమున చేరి, ఒకడు 'కౌ' దగ్గర నుండగా ఇంకొకడు 'కి' దగ్గర తడబడుచుండును. అంతలో యంత్రము ఎవని గొంతు పెద్దదో వానినే పైకి తెచ్చి తక్కినవారిని నొక్కివేయును. అందుచేత మా అమ్మాయి అందరిని మ్యూట్ చేసి తానొక్కతె పలుకుచుండగా, తెరమీద ముప్పది నోళ్లు నిశ్శబ్దముగ కదలినవి. ఆ ముప్పదింటిలో ఎన్ని నోళ్లు గుణింతము పలికినవో, ఎన్ని నోళ్లు బిస్కత్తు నమలినవో నేను చెప్పజాలను. తమకు చేరిన స్క్రీన్‌షాట్‌లో మాత్రము అన్ని నోళ్లును శ్రద్ధాళువులవియే.

రెండవ వింత పలకది. 'పలక' అని వ్రాసి కెమెరాకు చూపుడని చెప్పగా ఒక చిన్నవాడు వ్రాసి చూపినాడు. మాకు అది చక్కగనే కనబడినది. వాడు మాత్రము తన తెరమీద తన పలకను చూచికొని, "టీచర్, నాది తిరగబడిపోయింది!" అని ఏడుపుగొంతుతో అరచినాడు. తన బొమ్మ తనకు అద్దములోవలె కుడియెడమలు మారి కనబడుననియు, ఎదుటివారికి సరిగనే కనబడుననియు వానికెవ్వరు చెప్పగలరు? మేము చెప్పబోవునంతలోనే వాడు చెరిపి, నాలుక బయటపెట్టి, అక్షరములన్నింటిని వెనుకకు త్రిప్పి, కుడినుండి ఎడమకు వ్రాసి, తన తెరమీద సరిగ కనబడగనే విజయగర్వముతో నవ్వినాడు. అప్పుడది మాకు తిరగబడినది. ఎనిమిదేండ్లవాడు దర్పణలిపిని స్వయముగ కనిపెట్టినందుకు మెచ్చుకొనవలెనో, మా వలన ఒకనికి వచ్చిన అక్షరములు పోయినందుకు విచారింపవలెనో తెలియక నేనును, నిఘంటువును మౌనము వహించితిమి.

మూడవది ఆవు. ఇదియే నా లేఖకు మూలకందము గనుక తమరు ఒక్క నిమిషము ఎక్కువ సావకాశము దయచేయవలెను. 'ఆవు పాలు ఇస్తుంది' అని వ్రాసి ఫొటో పంపుడని మా అమ్మాయి చెప్పినది. వచ్చిన ఫొటోలలో నాలుగింట 'ఆమ పాలు ఇస్తుంది' అని యున్నది. తెలుగు వ్రాయువారెవ్వరికైనను ఈ రహస్యము చేతికి తెలియును గాని నోటికి తెలియదు: 'వ'కు ప్రక్కన కొమ్ము తగిలించినచో అది 'మ' యగును, 'వు' కావలెనన్నచో కొమ్ము అడుగునుండి రావలెను. రెండింటికిని సరకు ఒక్కటియే, దారి వేరు. బడిలోనైనచో పంతులమ్మ బెంచీల నడుమ నడచుచు, పిల్లవాని భుజముమీదుగ వంగి, ఆ కొమ్ము తప్పుదారిని బయలుదేరు క్షణమునందే మణికట్టు పట్టుకొని "ఇటు కాదు నాన్నా, కిందినుంచి" అని ఒక్కసారి త్రిప్పును. ఆ త్రిప్పుటతో సరి; ఆ జన్మలో వాడు మరల ఆవును ఆమగ చేయడు. ఫొటోలో వచ్చినది పూర్తియైన అక్షరము. పోయినది అక్షరము పుట్టిన దారి. ఆమెకు మిగిలినది ఎఱ్ఱటి సున్న చుట్టుట మాత్రమే. ఎఱ్ఱసున్న తప్పున్న దని చెప్పును. తప్పు ఎక్కడినుండి వచ్చినదో చెప్పదు.

చదువు సంగతి ఇంతకన్న సున్నితము. ఒక బాలిక పాఠమును తడుముకొనక చదివినది. అయితే ప్రతి వాక్యమునకును ముందొక గుసగుస, ఆ గుసగుసకు అరక్షణము వెనుక ఆమె గొంతు. మా అమ్మాయి రెండు వాక్యములు విని, "అమ్మగారూ, మీరు చాలా బాగా చదివారు. ఇప్పుడు పాపను చదవనివ్వండి" అన్నది. కెమెరాకు అవతల గాజులు గలగలలాడినవి. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ముప్పది ఇండ్లవారు వినుచుండగా బిడ్డ తడబడుటను ఏ తల్లి సహించును? తరగతిగదిలో తడబడుటకు గోడలు కలవు. తెరమీద తడబడినచో ఊరంతయు చూచును. తడబాటు లేనిదే చదువు రాదు. పిల్లవాడు అక్షరముక్రింద వ్రేలు పెట్టి, ఆ వ్రేలు ఎచ్చట ఆగినదో, ఎచ్చట రెండక్షరములను దాటి దూకినదో పంతులమ్మ చూడగలిగినపుడే వాడు చదువుచున్నాడో, ఒప్పచెప్పుచున్నాడో తేటపడును. తమ స్క్రీన్‌షాట్‌లో ముఖములున్నవి. చదువు ముఖమున లేదు, మహాశయా, వ్రేలికొసన ఉన్నది.

ఇంతవరకు చెప్పినదంతయు నింద యని తమరు భావింపకుందురుగాక. మా అమ్మాయి విసుగు చెందక కొన్ని ఉపాయములు పన్నినది. ముప్పదిమందిని ఒక్కసారి కూర్చుండబెట్టుట మాని, అయిదుగురిని పిలిచి పది నిమిషములు మాత్రము చదివించినది. ఫోనును స్టీలు డబ్బామీద నిలిపి, ముఖమునకు కాక నోటుపుస్తకమునకు ఎదురుగ వంచుడని పిల్లలకు నేర్పినది. కొందరి తెరమీద ఇప్పుడు ముఖము బదులు పుస్తకము, పెన్సిలు, కొరికిన గోళ్లు కనబడుచున్నవి. వ్రాసిన పుట ఫొటోకు బదులు వ్రాయుచున్న చేతిని అర నిమిషము వీడియో తీసి పంపుడన్నది. "ఫోను నాన్న డ్యూటీకి పట్టుకెళ్లాడు, టీచర్" అను పిల్లలు ఆరుగురున్నారు. తండ్రి ఇంటికి చేరిన తరువాత రాత్రి ఎనిమిది గంటలకు వారు చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుదురు. భోజనము ముగించి మేమిద్దరము వానిని విందుము. వెనుక టీవీ మ్రోగుచుండును, చెల్లెలు ఏడ్చుచుండును. అయినను ఒక్క పిల్లవాని గొంతు ఒంటరిగ, ఎవ్వరికిని భయపడక, 'అమ్మమ్మ' దగ్గర ఆగి, ఒత్తును వెదకి, పట్టుకొని, మరల సాగుట వినబడును. ఆ ఆగుటలోనే చదువు కలదు. చిత్రమేమనగా, ఈ ఆరుగురును తమ స్క్రీన్‌షాట్ ప్రకారము నిత్యము గైర్హాజరు.

లెక్కలమీద తమకు గల గౌరవమును ఎరిగినవాడను గనుక రెండు లెక్కలు విన్నవింతును. 2021 జూలై 5న ఆరంభమైన 'నిపుణ్ భారత్' పథకము మూడవ తరగతి పిల్లవాడు తనకు పూర్వము తెలియని పాఠమును నిమిషమునకు అరువది పదముల చొప్పున అర్థసహితముగ చదువవలెనని లక్ష్యము నిర్ణయించినది. 2026-27 నాటికి ఈ లక్ష్యము నెరవేరవలెను. లక్ష్యము శ్లాఘనీయమే. అయితే 'వెళ్లిపోవాలనుకుంటున్నానన్నాడు' అను దానిని చదివిన తెలుగు బాలుడు ఒక పదము చదివినట్లా, ఒక కథ చదివినట్లా యని నాకు పండితుడనై యుండియు సందేహమే. ఇక రెండవ లెక్క: ప్రథమ్ సంస్థవారి 'అసర్' నివేదికల ననుసరించి గ్రామీణ భారతమున రెండవ తరగతి పాఠమును చదువగల మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 మంది యుండగా, బడులు మూతబడి తెరచుకొనిన పిదప, 2022లో 20.5 మంది యైనారు. తెరయే దీనికంతకు కారణమని నేననను. తెరయైనను లేనివారు ఎందరో కలరు. కాని అసర్ వారు ఆ సంఖ్యను ముఖములు లెక్కించి తేలేదు. ఇంటింటికి పోయి, ఒక్కొక్క బిడ్డ ప్రక్కన కూర్చుండి, చేతికొక కాగితమిచ్చి, "చదువమ్మా" అని విని తెచ్చినారు. ఆ కూర్చుండుటయే నేను తమనుండి యాచించునది.

తమ పదవికి పూర్వికులు అట్లు కూర్చుండిన దాఖలా కలదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున ఉత్తర కోస్తా బడులకు ఇన్‌స్పెక్టరుగ వచ్చిన యేట్స్ దొర, పిల్లలు మాటలాడు తెలుగును, పుస్తకమున చదువు తెలుగును వేరువేరుగ నుండుట గమనించి, ఎందుకిట్లున్నదని అడిగినాడు. ఆ యొక్క ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి చెవిని పడి, వ్యావహారికభాషోద్యమమై, తెలుగు పిల్లల నోట తెలుగును నిలిపినది. ఆ మహనీయుడు ఈ లేఖలోని నా గ్రాంథికమును చూచినచో నా చెవి మెలిపెట్టును. ఆ శిక్షకు నేను పాత్రుడనే. ఉత్తర్వు పంపినవారెందరో ఉన్నను, దొరను జ్ఞాపకముంచుకొన్నది ప్రశ్నకొరకేయని మాత్రము మనవి చేయుచున్నాను.

కావున నాలుగు కోరికలు. హాజరునకు ముఖములు కాక వ్రాయుచున్న చేతులు, చదువుచున్న గొంతులు చాలునని సెలవిండు. రాత్రి ఎనిమిది గంటలకు వచ్చిన గొంతును కూడ హాజరుగ వ్రాయనిండు. ముప్పదిమందికి ఒక గంట బదులు అయిదుగురికి పది నిమిషములు చొప్పున పంచుకొను స్వాతంత్ర్యమును పంతులమ్మలకు ప్రసాదింపుడు. వాన వెలిసినవెంటనే బడి తెరవనిండు. ఎంత ఉపాయము పన్నినను మణికట్టు పట్టుకొను ఆప్ ఇంకను పుట్టలేదు.

ఈ లేఖకు తమరు ప్రత్యుత్తరమీయ దలచినచో టైపు చేయించి పంపవలదు. తమ బల్లమీద లావుపాటి దస్త్రములు రెండు నిలిపి, వాని నడుమ స్కేలుబద్ద వేసి, ఫోనును బోర్లగా బిగించి, దానిక్రింద తమ స్వహస్తముతో 'ఆవు' అను ఒక్క మాట వ్రాయుచు అర నిమిషము వీడియో పంపుడు చాలును. కొమ్ములు తిరిగిన అధికారులని తమకు లోకమున పేరున్నది; ఆ కొమ్ము ఎటునుండి వచ్చునో మా మూడవ తరగతి పిల్లలు చూచి దిద్దుకొందురు.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత తెలుగు పండితుడు
(మూడవ తరగతికి ఫోను నిలబెట్టువాడు)