ఫైండ్ గారి చాదస్తం

లినక్స్‌లో ఫైళ్లు వెతికిపెట్టే ఫైండ్ గారికి యాభై దాటాయి. 1974లో యూనిక్స్ ఐదో వెర్షన్‌తో లోకంలోకి వచ్చారు. పని ఏమాత్రం మందగించలేదు గానీ, వయసుకు తగ్గ చాదస్తం మాత్రం ఉంది. మనం కొట్టిన అక్షరాలే ఆయనకు ప్రమాణం. మన మనసులో ఏముందో ఆయనకు అనవసరం.

మామయ్యగారి షష్టిపూర్తి ఫొటోలు కావాలని అత్తయ్యగారు ఫోన్ చేశారనుకోండి. మౌసు నమ్ముకున్నవాళ్లు ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతారు. మనం దర్జాగా నల్లతెర తెరిచి, ఫైండ్ అని కొట్టి, ఇక్కణ్ణుంచే మొదలుపెట్టమని ఒక చుక్క పెట్టి, హైఫన్ నేమ్ అంటాం. ఆ తర్వాత పేరు చెప్పాలి. తంటా అంతా అక్కడే. షష్టిపూర్తిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్‌తో మొదలుపెట్టామా, ఎస్‌హెచ్‌తోనా? టీ పక్కన ఇంకో హెచ్ పడేశామా? (హెచ్‌ల దగ్గర తెలుగువాళ్లం దానకర్ణులం.) మధ్యలో యూ ఒకటా, ఓలు రెండా? పైగా ఆయనకు పెద్ద ఎస్‌కూ చిన్న ఎస్‌కూ పొత్తు లేదు. నేమ్ బదులు ఐనేమ్ అంటే ఆ ఒక్క పట్టింపూ వదులుకుంటారు. అనుమానం ఉన్నచోటల్లా నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు. అనుమానాలన్నీ తీసేస్తే నాకు మిగిలేది రెండు నక్షత్రాలూ, నడుమ ఒక పీ. దానికి హార్డుడిస్కులో సగం లేచి వస్తుంది.

పోనీ, డిస్కంతా గాలించమని ఏటవాలు గీత పెడితే, తెర నిండా 'పర్మిషన్ డినైడ్' అని బారులు తీరుతాయి. కంప్యూటరు నాది, వాయిదాలు కడుతున్నది నేను, లోపలికి రావద్దంటున్నది అది!

లొకేట్ అని ఇంకొకడున్నాడు. గడపగడపా తిరగడు, ముందే రాసుకున్న చిట్టా చూసి చిటికెలో చెప్పేస్తాడు. ఆ చిట్టా మామూలుగా రోజుకోసారి రాస్తారు కాబట్టి పొద్దున పెట్టిన ఫైలు అందులో ఉండకపోవచ్చు, నిన్న చెరిపేసింది ఉండవచ్చు. అచ్చం మన ఓటర్ల జాబితా.

విండోస్‌లోనూ ఒక ఫైండ్ ఉంది. అది ఫైళ్ల పేర్ల జోలికి పోదు, వాటి లోపలి రాతను వెతుకుతుంది. అక్కడ ఫైలు కావాలంటే డిర్‌ను అడగాలి. ఎవరు పెట్టారో గానీ ఈ పేర్లు, వాళ్లకో దండం.

ఇంత హైరానా పడ్డాక తేలేదేమిటంటే, ఆ ఫొటోలకు షష్టిపూర్తి అని ఎవరూ పేరే పెట్టలేదు. ఫోను తనకు తోచిన అంకె వేసి ఊరుకుంది. ఇలాంటప్పుడు ఫైండ్ గారిని పేరు మానేసి తేదీతో అడగాలి. హైఫన్ ఎమ్‌టైమ్, మైనస్ 30 అంటే నెల రోజుల్లో మారినవన్నీ తెచ్చి ముందు పోస్తారు.

వాటితోపాటే గుడ్ మార్నింగ్ బొమ్మలూ గుట్టగా వస్తాయి. ఊడ్చిపారేద్దామని చెయ్యి దురద పెడుతుంది. ఒక్క మాట వినండి. హైఫన్ డిలీట్‌ను పేరుకంటే ముందు రాయకండి. ఆయన ఎడమ నుంచి చదువుకుంటూ వస్తారు, మీరు చెప్పిన పేరు దాకా చేరేలోపే అన్నీ తుడిచేస్తారు. ముందు డిలీట్ లేకుండా కొట్టి జాబితా కళ్లారా చూసుకోండి. అందులో మామయ్యగారు లేరని రూఢి అయ్యాకే ఆ మాట చివర చేర్చండి.