పచ్చి టమాటా వేపుడు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మేకన్ పట్నానికి ఎగువన, ఒకమల్గీ నది ఒడ్డున జూలియెట్ అని ఓ చిన్న పల్లె ఉంది. ఫ్యానీ ఫ్లాగ్ 1987లో రాసిన నవలను 1991లో ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్’ అని సినిమా తీసినప్పుడు, ఆ ఊళ్ళో రైలు పట్టాల పక్కనున్న పాత కొట్టుకు హోటలు వేషం వేశారు. షూటింగ్ వాళ్ళు సర్దుకుని వెళ్ళాక అది నిజంగానే హోటలైపోయింది. పేరు విజిల్ స్టాప్ కెఫే. నవలకు ప్రేరణ ఇచ్చిన అసలు హోటలు పొరుగున అలబామాలో, ఐరన్‌డేల్‌లో ఉంది. రచయిత్రికి అవ్వ వరసయ్యే ఒకావిడ నడిపినది. అయినా సినిమాలో కనబడిన గుమ్మానికున్న గిరాకీయే వేరు.

మా మిత్రుడుండేది జార్జియాలోనే, కమ్మింగ్‌లో. ఇండియా నుంచి చుట్టం దిగితే చాలు, అట్లాంటా దాటించి వంద మైళ్ళు కారు నడిపి జూలియెట్ తీసుకెళ్తాడు. “ఆ వాసన చూడండి, పల్లెటూరి వంటంటే ఇదీ!” అంటాడు. తెనాలి దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాళ్ళమ్మగారినీ తీసుకెళ్ళాడు. ఆవిడ అక్కడి పచ్చి టమాటా వేపుడు ఒక ముక్క తిని, “బాగానే ఉంది నాయనా. మన బజ్జీకి వేలు విడిచిన చుట్టంలా ఉంది,” అన్నారు.

అక్టోబరు చివర్లో, మంచుకు పాడవుతాయని పెరట్లో తను పెంచిన టమాటా మొక్కల మీది పచ్చికాయలన్నీ ఆవిడ కోసేశారు. మావాడికి హుషారు పుట్టింది. జార్జియాలోనే పుట్టి పెరిగిన పక్కింటి పెద్దావిడను భోజనానికి పిలిచి, తనే గరిటె పట్టాడు. కాయల్ని చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి నీరు వార్చి, మజ్జిగలో ముంచి, మిరియాల పొడి కలిపిన మొక్కజొన్న పిండిలో దొర్లించి, ఇనప మూకుట్లో ఎర్రగా వేయించాడు. ఇల్లంతా నూనె పొగ. అయినా మురిసిపోతూనే ఉన్నాడు.

వాళ్ళమ్మగారు మిగిలిన కాయలు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళారు. తాలింపు వాసన కార్పెట్‌కీ కోట్లకీ పట్టేస్తుందని కొడుకు ఆవిడకు అక్కడో కరెంటు పొయ్యి పెట్టించాడు. (పైకి చెప్పుకోం గానీ, అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళు చాలావాటిలో ఉన్న ఏర్పాటే.)

పక్కింటావిడ ఒక ముక్క కొరికి, “కరకరలాడుతోంది, బాగుంది. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. సినిమా వచ్చాకే నేనూ తిన్నాను,” అంది. మావాడి మొహం చిన్నబోయింది. ఆవిడన్నదాంట్లో అబద్ధం లేదు. రాబర్ట్ మాస్ అనే ఆహార చరిత్రకారుడు పాత వంట పుస్తకాలు తిరగేసి, ఈ వేపుడు ముందు కనబడేది అమెరికా ఉత్తరాది వాళ్ళ, యూదుల వంటల్లోనేననీ, దానికి దక్షిణాది ముద్ర కొట్టింది ఆ సినిమాయేననీ తేల్చాడు.

అంతలో గరాజ్‌లో ఆవాలు చిటపటలాడాయి. పెద్దావిడ ముక్కు ఎగబీల్చి, కంచం వదిలేసి, ఆ వాసన వెంటే వెళ్ళింది. చిన్న రోట్లో కచ్చాపచ్చాగా నూరిన టమాటా కాయల పచ్చడి, పైన పసుపు తేలే నూనె, నల్లగా ఆవాలు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. “మా అమ్మమ్మ చేసే చౌచౌ!” అని అరిచినంత పని చేసింది. పచ్చి టమాటాలూ క్యాబేజీ తరిగి, ఆవాలు, పసుపు వేసి వెనిగర్‌లో ఉడికించి సీసాలకెత్తే ఊరగాయ అది. చింతపండు బదులు వెనిగర్, క్యాబేజీ అదనం, దాదాపు అంతే తేడా.

ఆ తర్వాతే ఆవిడ చుట్టూ చూసింది. ఒకపక్క కారు, ఒకపక్క గడ్డి కోసే మిషను, మధ్యలో పొయ్యి.

“లోపల అంత పెద్ద వంటిల్లుండగా మీ అమ్మ ఇక్కడెందుకు వండుతోంది?”

“అంటే... అమ్మకి చల్లగాలి ఇష్టం,” నసిగాడు మావాడు.

వాళ్ళమ్మగారు పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో చెప్పారు: “మావాడికి పల్లెటూరి వంటంటే ప్రాణం. కాకపోతే, అది వంద మైళ్ళ అవతల ఉండాలి.”