గడియార స్తంభం వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "మనోడు వెనకనుంచి ఒక్కటిచ్చాడంటే చాలండి, మిగతావోళ్ళెంతండి, ఆయ్!"

అవతారిక: ఇది అమలాపురం గడియార స్తంభం సెంటరులో, టీకొట్టు బల్ల మీద, 2026 సంక్రాంతికి ముందు ఒక కొబ్బరి వర్తకుడు సెలవిచ్చిన వాక్యం. జనవరి వచ్చిందంటే ఇక్కడ ప్రభల ముచ్చట్లు, అక్కడ కౌలాలంపూర్‌లో మలేషియా ఓపెన్‌తో బ్యాడ్మింటన్ కొత్త సీజను. పురుషుల డబుల్స్‌లో ఏ జంటకు వెనక నిలబడి కొట్టేవాడు గట్టివాడన్న చర్చ నడుస్తుండగా వాక్యం పుట్టింది. మూలంలో లేనిది రాయనని పాతకాలపు టీకాకారుడు కొలచల మల్లినాథ సూరి మాటిచ్చాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. పైగా అది రెండో టీ.

ప్రతిపదార్థం.

మనోడు = 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. 'మనవాడు' సాధుశబ్దం. 'మనోడు' అంటే బాలవ్యాకరణం ఒప్పుకోదు, గడియార స్తంభం ఒప్పుకుంటుంది. ఇందులో 'మన' అన్నది ఆటుపోట్లున్న శబ్దం. 2022 మే 15న బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి భారత్ మొదటిసారి థామస్ కప్ ఎత్తేనాటికి కోనసీమ జిల్లాగా పుట్టి 41 రోజులు. ఆ రోజు 'మన' రావులపాలెం వంతెన దాటి పోయింది. ఓడిన రోజున మాత్రం అదే కుర్రాడు రాజోల్లో "అమలాపురం వాళ్ళబ్బాయి" అవుతాడు, కొత్తపేటలో "ఎవరో హైదరాబాదులో నేర్చుకున్నాడంట" అవుతాడు.

వెనకనుంచి = కోర్టు వెనక భాగంనుంచి. డబుల్స్‌లో దాడికి దిగిన జంట ఒకరి వెనక ఒకరు నిలబడుతుంది. వెనకవాడు దంచుతాడు, ముందువాడు నెట్ దగ్గర కాచుకుంటాడు. మనోడి ముందు కాచుకునేవాడు ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టి. మూలంలో ఇతని ప్రస్తావన లేదు. ఈ లోపం సంగతి తర్వాత చూద్దాం.

ఒక్కటి = ఇక్కడ సంఖ్యావాచకం కాదు, పరిమాణవాచకం. గంటకు 565 కిలోమీటర్లు. 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పెట్టిన 493 రికార్డును, 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో మనోడు చెరిపేశాడు. గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. వర్తకుడు ఈ అంకెను కొబ్బరి ధరకన్నా కచ్చితంగా చెబుతాడు.

చాలు = ఈ రెండక్షరాల దగ్గరే టీకాకారుడి కలం ఆగింది, టీ చల్లారింది.

పూర్వపక్షం: అంత వేగంగా కొట్టేవాడుంటే ఇంకేం కావాలి?

సమాధానం: ఆ 565 మ్యాచ్‌లో కొట్టింది కాదు, కొలవడానికి కొట్టింది. పైగా అది బంతి రాకెట్టును వదిలిన క్షణాన వేగం. షటిల్ బరువు ఐదు గ్రాములు, అటూ ఇటూగా. దానికి 16 ఈకలు. ఆ ఈకలు గాలికి బ్రేకుల్లా పనిచేస్తాయి. నెట్ దాటి అవతలివాడి ముందుకు చేరేసరికి బంతిలో మొదటి కోపం చాలావరకు దిగిపోతుంది. మొదటి వరస జంటలు దాన్ని తిప్పి పంపుతాయి. అలా తిరిగొచ్చిన బంతిని నెట్ దగ్గర చంపేవాడే చిరాగ్. వెనకవాడి దెబ్బ ప్రశ్న అనుకుంటే, పాయింటు ముందువాడి జవాబులో ఉంటుంది.

అమెరికాలో కూడా బేస్‌బాల్ సీజను ముందు మా జట్టు మొదటి బేసు కాపలాదారు గొప్పా, మీ జట్టువాడా అని ఇలాగే తగువులాడుకుంటారట. అతని పనిలో ముఖ్యభాగం తోటివాళ్ళు విసిరింది పట్టడం. విసిరేవాడు సరిగ్గా విసరకపోతే అతనేం చేస్తాడు? అయినా ఒక్కణ్ణే తక్కెట్లో వేస్తారు. అంటే ఈ మూలం గడియార స్తంభానికే పరిమితమైంది కాదు.

మిగతావోళ్ళు = ఎవరు? వర్తకుడు పేర్లు చెప్పలేదు, చెయ్యి విదిలించాడు. ఆ విదిలింపులో కొరియా, మలేషియా, చైనా మూడూ పోయాయి. టీకాకారుడు ఏరి తెచ్చాడు. కొరియా ఆటగాడు సియో సంగ్ జేది ఎడంచేతివాటం. మనోడి దెబ్బకు ఎంత బరువుందో అతని దెబ్బకు అంత వంకర, అలవాటు లేని కోణంలో దిగుతుంది. బేస్‌బాల్‌లో మొదటి బేసు దగ్గరా ఎడంచేతివాడే మేలంటారు. ఎడంచేత్తో తింటే ఇంట్లో తిట్టిన అమ్మమ్మలు ఈ సంగతి గమనించాలి. సియో, కిమ్ వోన్ హోతో కలిసి 2025లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ సెప్టెంబరులో చైనా మాస్టర్స్ ఫైనల్లో మనవాళ్ళను 21-19, 21-15తో ఓడించింది ఈ జంటే.

మలేషియా జంటలో వెనక దంచేవాడు సో వూయి యిక్. అతనికన్నా పొట్టివాడైన ఆరోన్ చియా ముందు బొంగరంలా తిరుగుతాడు. ఈ జంటతో మనవాళ్ళు ఆడిన మొదటి 8 సార్లూ ఓడారు. 2023 జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో తొమ్మిదోసారి గెలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటి గేము 21-13తో లాక్కుని, తర్వాతి రెండూ పోగొట్టుకున్నారు. 2025లో మళ్ళీ పారిస్‌లోనే, ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో, 21-12, 21-19తో బాకీ తీర్చారు. ఈ లెక్కంతా వెనకనుంచి ఇచ్చే 'ఒక్కటి'లో పట్టదు. చైనావాళ్ళ గురించి క్లుప్తంగా: వాళ్ళతో ఎప్పుడూ కష్టమే.

ఎంతండి = రూపం ప్రశ్న, అర్థం సున్న. స్వరంవల్ల అర్థం తిరగబడటాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. అండి చేర్చడంతో తిట్టు కూడా మర్యాదస్థుడిలా బయటికొస్తుంది. ఇది గోదావరి జిల్లాల సదుపాయం.

ఆయ్ = అనువాదానికి లొంగదు. విరామచిహ్నం.

పాఠాంతరం: జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ముందుగానే దిగిన రాజోలు బావగారు ఇదే వాక్యాన్ని "మనోళ్ళు ఒక్కటిచ్చారంటే" అని బహువచనంలో పలికారు. టీకాకారుడికి ఈ పాఠం నచ్చింది. కనుమ నాడు భుజాల మీద మోసుకొచ్చే గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటేటప్పుడు గట్టుమీది జనం ఎత్తు చూస్తారు. మోసేవాడు మాత్రం తన ముందువాడి భుజం వంక చూస్తాడు, అది ఒక్క జానెడు కుంగినా అందరూ నీళ్ళలోనే. బహువచనం తీసుకుంటే చిరాగ్ వాక్యంలోకి వస్తాడు, 'చాలు'కు పట్టిన దోషం సగం పోతుంది.

మల్లినాథ సూరికి దక్కని అదృష్టం ఒకటి ఈ టీకాకారుడికి దక్కింది. మూలకర్త ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. కనుక నేరుగా అడిగేశాను.

"మనోడా, మనోళ్ళా? ఏ పాఠం సరైందండీ?"

వర్తకుడు గ్లాసు దించి చాలాసేపు ఆలోచించాడు.

"ఆ ముంబై కుర్రాడు ఆత్రేయపురం పూతరేకు తిన్నాడంటారా?"

"తెలీదండి."

"తినుంటే మనోళ్ళేనండి, ఆయ్!"