ఆనుకోకండి, పేరు కనబడదు

ఆ పాసుల పుస్తకం వారం నుంచీ మా ఫ్రిజ్ మీద కూర్చుని నన్నే చూస్తోంది. సంగీత విభావరి, డోనర్ పాసు, వెల 500 రూపాయలు, 'సేవా కార్యక్రమాల నిమిత్తం'. పాతిక పాసులు. అంటగట్టిన మనిషి మా వీధి చివర మందుల షాపాయన, క్లబ్బు ట్రెజరరు. "ఊరంతా మీ శిష్యులే కదా మాస్టారూ, మీకిదో లెక్కా?" అని చేతిలో పెట్టి, నేను నోరు తెరిచేలోపు బండెక్కేశాడు.

ఊరంతా నా శిష్యులే, కాదన్ను. కానీ నేను చెప్పింది లెక్కలు. లెక్కల మాస్టారి దగ్గర డబ్బిచ్చి టిక్కెట్టు కొనేంత అభిమానం ఏ శిష్యుడికి మిగిలి ఉంటుందో మీరే చెప్పండి. నన్ను చూడగానే పక్క సందులోకి తిరిగిపోవడం వాళ్లకి ఎనిమిదో క్లాసు నుంచీ అలవాటు. ఇప్పుడు చంకలో పుస్తకం కూడా చూసి మరీ తిరుగుతున్నారు.

ఇంతకీ లయన్సా, రోటరీయా అని అడక్కండి, చెప్పను. రెండూ షికాగోలో పుట్టినవే. 1905లో పాల్ హారిస్ అనే లాయరు రోటరీ పెట్టాడు. 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సాయన లయన్స్‌కి పునాది వేశాడు. లాయరు వాదించి ఒప్పిస్తాడు, ఇన్సూరెన్సు మనిషి ఒప్పుకునేదాకా వదలడు. మా ట్రెజరరులో రెండు విద్యలూ ఉన్నాయి. ఎక్కడైనా సరే, జూలై ఒకటిన కొత్త ఏడాది మొదలు, కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కుతాడు. గడువు ఏడాదే. ఆలోగా ఊళ్లో ఏదో ఒకటి నిలబెట్టి పోవాలి. మా ఊళ్లో నిలబెట్టినవన్నీ బల్లలే.

బస్టాండులో, చెరువు గట్టు మీద, పార్కులో, ఆఖరికి శ్మశానం దారిలో కూడా సిమెంటు బల్లలు. ఒక్కో అధ్యక్షుడి హయాంలో ఒక్కో విడత. వీపు ఆనించే పలక మీద నల్లరంగుతో 'కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు, కోడళ్లు, మనవలు' అని ఉంటుంది. కింద బట్టల షాపు పేరు, ఫోను నంబరు. చిక్కల్లా ఏమిటంటే, మనిషి కూర్చుంటే పేరు కనబడదు. మనిషి కూర్చోనప్పుడు బల్ల దేనికి?

చెరువు గట్టు మీది బల్లకి దాత ఒకాయన రోజూ సాయంత్రం వాకింగుకొచ్చి దూరం నుంచే చూసుకుంటాడు. ఎవడో ఒకడు హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంటాడు. ఈయన గుండె కలుక్కుమంటుంది. దగ్గరికొచ్చి, "బాబూ, వెనక చెమ్మగా ఉంది, చొక్కా పాడవుతుంది" అంటాడు. వేసవిలో అయితే "పలక కాలిపోతోంది నాయనా" అంటాడు. ఆ కుర్రాడు కాస్త ముందుకు జరుగుతాడు. 'కీ.శే.' బయటపడుతుంది. మిగతా వంశం బయటపడాలంటే వాడు లేవాలి. రెండు చివర్లా ఇద్దరు కూర్చుంటే మధ్యలో కోడళ్లు మాత్రం కనబడతారు. అందుకు పెద్దకోడలికి అభ్యంతరం లేదట.

తర్వాతొచ్చిన అధ్యక్షుడు ఇంజనీరు. ఆలోచించి పేరు పలక వెనకవైపు రాయించాడు. దారిన పోయేవాళ్లకి స్పష్టంగా కనబడాలి. తీరా మేస్త్రీ బల్లల్ని ప్రహరీ గోడకి ఆనించి వేసిపోయాడు. ఆ పేర్లు ఇప్పుడు గోడ చదువుకుంటోంది. ఆ తర్వాతాయన సరిగ్గా కూర్చునే చోటే రాయించాడు. దాత కొడుకులు నలుగురూ వచ్చి, మా నాన్నగారి పేరు మీద ఊళ్లో వాళ్లంతా కూర్చుంటారా అని గొడవకి దిగారు. అదీ సబబే. చివరికి బల్ల కాళ్ల మీద, నిలువుగా రాశారు. అది చదవాలంటే నడుం వంచాలి. వంచితే చూసేవాళ్లు దణ్ణం పెడుతున్నామనుకుంటారు. ఈ పద్ధతే అన్నిటికన్నా బాగుందని దాతలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

చలివేంద్రం జోలికి వెళ్లను. కుండకన్నా ఫ్లెక్సీ ఖరీదెక్కువన్న సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నా కడుపుమంట అసలు ఈ విభావరి మీద. ఆర్కెస్ట్రాకి, హాలుకి, మైకు సెట్టుకి, ముఖ్య అతిథి శాలువాకి, జ్ఞాపికలకి, భోజనాలకి పోగా సేవకి మిగిలేదెంత? కాగితం తీసి, కూడికలూ తీసివేతలూ చేసి మరీ ట్రెజరరుకి చూపించాను. "ఇంత హంగామా బదులు తలా ఐదొందలు ఊరికే అడగొచ్చుగా?" అన్నాను. ఆయన నవ్వాడు. "ఊరికే అడిగితే వంద ఇస్తారు మాస్టారూ. పాటలంటే ఐదొందలు ఇస్తారు. వినడానికి రారు. కానీ ఇస్తారు." ఈ లెక్కకి నా దగ్గర సూత్రం లేదు.

వెక్కిరించడానికేముంది, ఎంతసేపైనా వెక్కిరించొచ్చు. ప్రపంచంలో పోలియో లేకుండా చేద్దామని రోటరీ వాళ్లు 1985లో పూనుకున్నప్పుడు నవ్వినవాళ్లు నవ్వే ఉంటారు. 2014లో మన దేశంలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రం ఇచ్చింది. ఆ పల్స్ పోలియో ఆదివారాల్లో మా స్కూల్లో చుక్కలు వేస్తుంటే, ఆటోలో మైకు పట్టుకుని వీధివీధీ తిరిగింది మా ఊరి క్లబ్బు వాళ్లే. డ్యూటీలో ఉన్న మాకు ఇడ్లీ పొట్లాలు తెచ్చిందీ వాళ్లే. పొట్లం మీద దాత పేరున్న మాట వాస్తవం.

క్లబ్బు దగ్గర ఒక్క వస్తువు మీద మాత్రం ఎవరి పేరూ లేదు. ఫ్రీజరు బాక్సు.

మా అన్నయ్య పోయింది నడివేసవిలో. పిల్లలు అమెరికా నుంచి రావాలి. అర్ధరాత్రి దాటాక ఫోను చేస్తే ఈ ట్రెజరరే లుంగీతో, ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు. తలో చెయ్యీ వేసి పెట్టె లోపలికి చేర్చాం. వైరు ప్లగ్గుదాకా అందలేదు. ఆయనే ఇంటికెళ్లి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, దాని మీద ఎవరూ కాలు వెయ్యకుండా గోడవారగా సర్దాడు. ఫొటో తియ్యడానికి ఎవరూ లేరు. అద్దె ఎంతంటే, "కరెంటు పోతే వెంటనే ఫోను చెయ్యండి మాస్టారూ" అని వెళ్లిపోయాడు. పిల్లలు వచ్చేదాకా ఆ మోటారు రొద వింటూ కూర్చున్నాం. రొద ఆగితే అందరం ఒక్కసారి తలెత్తేవాళ్లం. ఊళ్లో ఆ రొద వినని ఇళ్లు ఎన్నో ఉండవు. అయినా బల్లకి వరస కట్టిన దాతలు ఆ పెట్టె దగ్గరికి రారు. తండ్రి పేరో, షాపు ఫోను నంబరో దాని మీద రాయించుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

నిన్న పుస్తకం తిరిగి ఇచ్చేద్దామని మందుల షాపుకి వెళ్లాను. కబుర్లలో బయటపడింది. పాత పెట్టె కంప్రెసరు మాటిమాటికీ ఆగిపోతోందిట. విభావరి డబ్బు కొత్తదాని కోసమేనట.

"మరి ఆ ముక్క పాసు మీద వెయ్యొచ్చుగా!" అన్నాను.

"పైన ఆపాత మధురాలు, కింద ఫ్రీజరు బాక్సు బొమ్మా? బోణీ అవుతుందా మాస్టారూ?"

పుస్తకం చంకలోనే పెట్టుకుని ఇంటికొచ్చాను. పింఛను డబ్బులోంచి కొంత ఇచ్చి, కొత్త పెట్టె మీద అన్నయ్య పేరు రాయిస్తే ఎలా ఉంటుందని మా ఆవిణ్ణి అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్నదల్లా ఆగింది.

"బావగారికి ఏసీయే పడేది కాదండీ" అంది. "పేరు లేకుండా ఇచ్చిరండి."

ఇచ్చాను. ట్రెజరరు రసీదు రాస్తూ రాస్తూ తలెత్తి, "పేరు వద్దంటే బాగుండదు మాస్టారూ," అన్నాడు. "పోనీ, అన్నయ్యగారి పేరు మీద ఓ బల్ల వేయించమంటారా?"