శుక్రవారం ఎర్రచొక్కా

హ్యూస్టన్‌లో మనవాళ్ల ఇంట గృహప్రవేశమైనా, సత్యనారాయణ వ్రతమైనా, పట్టుచీరల మధ్య ఒక ఎర్ర టీషర్టు కనబడుతుంది. దాని గుండెల మీద యూ, హెచ్ అక్షరాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. లోపలున్న మనిషికి యాభైకి అటూ ఇటూ. ఉద్యోగం ఎనర్జీ కారిడార్‌లో, ఇల్లు కేటీలో, ప్రాణం యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో. పేరు చెప్పను. ఒక్కడైతే చెప్పేవాణ్ణి, ఈ రకం మనుషులు ఊళ్లో చాలామందే ఉన్నారు.

ఫొటో దిగమంటే చాలు, కుడిచెయ్యెత్తి ఉంగరం వేలు లోపలికి మడుస్తాడు. దానికో స్థలపురాణం ఉంది, అడక్కపోయినా చెబుతాడు. 1953లో వీళ్ల ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ఆస్టిన్ వెళ్లి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌తో ఆడింది. జట్టు పేరు కూగర్స్, ముద్దుగా కూగ్స్; దానికి గుర్తుగా పెంచుకున్న షాస్టా అనే నిజం కూగర్‌ని, అంటే కొండపులిని, కూడా బోనులో తీసుకెళ్లారు. దారిలో బోను తలుపు పడి పాపం దాని కాలివేలు తెగింది. ఆస్టిన్ వాళ్లు వేలు మడిచి వెక్కిరించారు. వీళ్లు ఆ వెక్కిరింతనే తమ జెండా చేసుకున్నారు. అప్పట్నుంచీ అదే వీళ్ల ముద్ర. మొన్న ఒక వ్రతంలో పంతులుగారు పవిత్రం తొడగడానికి ఉంగరం వేలు చాపమన్నారు. మనవాడు అలవాటుకొద్దీ ఆ ఒక్క వేలు మడిచి మిగతావన్నీ చాపాడు.

గృహప్రవేశాల్లో ఇంకో బాధ. పాలు పొంగగానే వెనకనుంచి కేక వినబడుతుంది: "హూజ్ హౌస్?" స్టేడియంలో అయితే దానికి "కూగ్స్ హౌస్!" అని వేలమంది జవాబిస్తారు. ఇక్కడ ఇంటాయన ఒక్కడే నీరసంగా "బ్యాంకుది" అన్నాడు.

ఇంత పిచ్చి ముదిరినవాడు చదువుకునే రోజుల్లో మైదానం మొహం చూసి ఉంటాడనుకుంటాం. చూడలేదు. ఎమ్మెస్ చేసిన రెండేళ్లూ క్లాసు, లైబ్రరీ, రూమ్మేట్లతో వంట వంతుల పంచాయితీ. అంతకుముందు ఆంధ్రాలో చదివిన ఇంజనీరింగు కాలేజీకి కబడ్డీ జట్టు ఉండేదా అంటే బుర్ర గోక్కుంటాడు. పట్టా చేతికొచ్చి, ఉద్యోగమొచ్చి, సొంత ఇంట్లో సోఫా మీద కూర్చున్నాక ఆయనకీ పూనకం వచ్చింది. ఈ రకం మనుషులందరిదీ ఇదే జాతకం.

ఆ మాటకొస్తే తప్పు ఆయనొక్కడిదే కాదు. 1927లో పుట్టిన ఈ యూనివర్సిటీ నగరం నడిబొడ్డుకు కూతవేటు దూరంలో, ఫ్రీవే పక్కన ఉంది. 46 వేలకు పైగా విద్యార్థులుంటే క్యాంపస్‌లో కాపురముండేవాళ్లు అందులో కొద్దిమందే. తక్కినవాళ్లు పొద్దున్నే కారులో వచ్చి, పార్కింగ్ కోసం ప్రదక్షిణలు చేసి, క్లాసు వినేసి, ట్రాఫిక్ పెరగకముందే ఇంటికో ఉద్యోగానికో పరుగు తీసేవాళ్లు. శనివారం సాయంత్రం వాళ్లని మళ్లీ అదే పార్కింగ్‌కి రప్పించడమంటే మాటలా? ప్రత్యర్థులు అందుకే దీన్ని "కూగర్ హై" అని ఎగతాళి చేసేవారు, ఇదేదో హైస్కూలన్నట్టు. అన్నిటికంటే మనవాడి కడుపు మండేది ఈ క్యాంపస్‌లోనే చదువుతూ ఆస్టిన్ వాళ్ల టీషర్టు వేసుకు తిరిగే కుర్రాళ్లని చూస్తే. అలాంటివాడు కనబడితే ఆపి మరీ అడుగుతాడు: "తమ్ముడూ, నువ్వు ఫీజు కట్టేదెక్కడ?"

"ఇక్కడే అన్నా."

"మరి చొక్కా ఎవరిది?"

"సేల్లో దొరికిందన్నా."

సేల్లో దొరికింది! ఈ మాట ఆయన నెల రోజులపాటు అందరికీ చెప్పుకుని బాధపడ్డాడు.

ఆయనకి చరిత్రంతా కంఠోపాఠం. 1968 జనవరి 20న ఆస్ట్రోడోమ్‌లో 52,693 మంది కళ్లెదుట బాస్కెట్‌బాల్ ఆటలో తమ ఎల్విన్ హేస్ 39 పాయింట్లు కొట్టి, 47 ఆటలుగా ఓటమెరుగని యూసీఎల్ఏని 71-69తో పడగొట్టడం గురించి తను అక్కడే ఉన్నట్టు చెబుతాడు. అప్పటికి ఆయనింకా పుట్టలేదు. రెండు నెలలకే జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్లో అదే యూసీఎల్ఏ 101-69తో బదులు తీర్చుకున్న సంగతి మాత్రం మీరు గుర్తు చేస్తేనే వస్తుంది, అదీ నసుగుతూ. బాస్కెట్‌బాల్ దిగ్గజం హకీమ్ ఒలాజువాన్ అంటే సొంత బావమరిది లెక్క. 1980లో నైజీరియా నుంచి వచ్చిన ఆ కుర్రాడు ఎయిర్‌పోర్టులో టాక్సీ ఎక్కి తనంతట తనే క్యాంపస్‌కి చేరాడని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. "నేనూ టాక్సీలోనే దిగాను" అంటాడు మనవాడు, ఇద్దరి జీవితాలకూ అక్కడితో పోలిక అయిపోయిందన్న ధ్యాస లేకుండా.

1996 సంగతి ఎత్తితే మాత్రం గొంతు మారుతుంది. వీళ్లు 1976లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అనే యూనివర్సిటీ జట్ల లీగులో ఆడటం మొదలుపెట్టిన ఏడాదే ఆస్టిన్ వెళ్లి టెక్సస్‌ని 30-0తో కొట్టి, టైటిల్ పంచుకున్నారు. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ కాన్ఫరెన్స్ రద్దయింది. టెక్సస్, ఏ అండ్ ఎమ్, టెక్సస్ టెక్, బేలర్ నలుగురూ బిగ్ 12 అనే కొత్త కాన్ఫరెన్స్‌లోకి వెళ్లి కూర్చున్నారు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి పంక్తిలోంచి లేపినట్టు హ్యూస్టన్‌ని వదిలేశారు. మళ్లీ పిలుపొచ్చి బిగ్ 12లో అడుగుపెట్టింది 2023లో. ఆ రోజు ఆయన ఆఫీసుకి సెలవు పెట్టాడు.

ఈ అభిమానానికి పునాది అమెరికాలో పడలేదని నా అనుమానం. కుర్రతనంలో ఆయన తన హీరో సినిమా విడుదలైతే తెల్లవారుజామున థియేటర్ ముందు కటౌట్‌కి పాలు పోసినవాడు, కాగితం ముక్కలు సంచులకొద్దీ చించి ఎగరేసినవాడు. హీరో మారాడు, పని అదే. ఫుట్‌బాల్ ఉన్న శనివారం స్టేడియం బయట పార్కింగ్‌లో గుడారం వేసి, అల్యూమినియం ట్రేల్లో పులిహోర, మిరపకాయ బజ్జీలు పెట్టి దేశీ కుర్రాళ్లని పిలుస్తాడు. పక్క గుడారాల్లో మాంసం కాలుస్తున్న తెల్లవాళ్లకి పులిహోర ఇచ్చి వాళ్ల పళ్లెం కూడా నింపుకొస్తాడు. మొదటి ఏడాది కుర్రాళ్లు తండోపతండాలుగా వచ్చి, పులిహోర తిని, "థాంక్సన్నా" అని అటునుంచటే అపార్ట్‌మెంట్లకి పోయారు. దాంతో నిబంధన మార్చాడు: ఆట పూర్తిగా చూసినవాడికే భోజనం. హాఫ్‌టైమ్‌కి ఖాళీ అయ్యే విద్యార్థుల గ్యాలరీలో ఆ ఒక్క వరస చివరిదాకా నిండుగా ఉండటానికి కారణం చింతపండు.

ఆట అర్థంకాని వాళ్లకి క్రికెట్‌లోకి మార్చి చెబుతాడు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారిని సెప్టెంబరు ఎండలో తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

"ఓవర్‌కి నాలుగే బంతులు అత్తయ్యగారూ. ఆ నాలుగింట్లో పది గజాలు పోతే ఇంకో ఓవర్ ఇస్తారు."

"పోకపోతే?"

"బంతి అవతలివాళ్లకి."

"ఆ మాత్రానికి పదిమందీ ఒక్క పిల్లాడి మీద పడి తొక్కుతున్నారేం బాబూ? వాళ్లమ్మ ఎక్కడుందో!"

చివరికి ఆవిడ ప్రత్యర్థి జట్టు కుర్రాడెవరో కుంటుతూ వెళుతుంటే లేచి నిలబడి మరీ జాలిపడింది. మనవాడు ముందు వరసవాళ్లకి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

శుక్రవారం ఎరుపు వేయాలన్నది యూనివర్సిటీ ఆచారం. ఆయన అది ఇంతవరకు తప్పలేదు. అదే చొక్కాతో పేర్‌ల్యాండ్‌లోని మీనాక్షి గుడికి వెళితే, విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతులు జోడించి "భవానీ దీక్షా నాయనా, ఎన్ని రోజులు?" అని అడిగాడు. "బౌల్ గేమ్ దాకా అండీ" అన్నాడట, అంటే ఫుట్‌బాల్ సీజను ముగిసేదాకా.

ఇంట్లో మటుకు ఒక రంగు నిషేధం. ఆస్టిన్ వాళ్ల మాడిన నారింజ అచ్చం మన కనకాంబరం. మ్యాచ్ రోజు భార్య ఆ రంగు చీర తియ్యబోతే మొహం మాడ్చుకుంటాడు. "ఏమండీ, ఇది మా అమ్మ పెట్టిన చీర, టెక్సస్ వాళ్లు పెట్టింది కాదు" అంటుంది ఆవిడ. ఇలాంటి ఇంట్లో కూతురికి సీటు ఎక్కడొచ్చిందో చెప్పక్కర్లేదు. ఫీజు కట్టాడు, హాస్టల్లో దింపాడు. క్యాంపస్ షాపులో "ఆస్టిన్ డాడ్" అని రాసున్న టీషర్టు తండ్రికి కొనబోయింది పిల్ల. "నాన్నా, ఒక్క ఫొటోకే" అంది. "నీ పెళ్లికి వేసుకుంటాలే" అని తప్పించుకున్నాడు. ఆ మాట ఆ పిల్ల రాసిపెట్టుకుంది.

ఛాన్సలర్ రేణు ఖటోర్ అంటే ఆయనకి గురి. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్‌లో పుట్టి, 2008లో ఈ యూనివర్సిటీ పగ్గాలు పట్టినావిడ. ఆవిడ హయాంలోనే 2014లో 40 వేల సీట్ల కొత్త స్టేడియం లేచింది. 2016లో ఆవిడ, ఇక్కడ గెలుపంటే పది గెలిచి రెండు ఓడటం, ఎనిమిదీ-నాలుగైతే కోచ్‌ని పంపించేస్తామన్న అర్థంలో మాట్లాడితే దేశమంతా నోళ్లు నొక్కుకుంది. మనవాడు మాత్రం "అదీ మనావిడంటే" అని మీసం దువ్వాడు. తీరా బిగ్ 12లోకి వచ్చాక 2023, 2024 రెండేళ్లూ జట్టు నాలుగు గెలిచి ఎనిమిది ఓడింది. "అంకెలు అవే కదా, కాస్త తిరగబడ్డాయంతే" అన్నాడు. రెండేళ్లూ ఒక్క హోం మ్యాచ్ మానలేదు.

నాకు ఈ మనిషి మీద గౌరవం కలిగింది సరిగ్గా అక్కడే. కొత్త స్టేడియాలు, కొత్త కోచ్‌లు, లేజర్ లైట్లు అన్నీ డబ్బుతో వస్తాయి. నాలుగూ-ఎనిమిది నాడు నవంబరు చలిలో కూర్చునే మనిషిని ఏ యూనివర్సిటీ కొనలేదు. అతను ఉచితంగా దొరుకుతాడు, పైగా పులిహోర తనే తెచ్చుకుంటాడు.

2025 ఏప్రిల్లో బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్లో డ్యూక్ చేతిలో 14 పాయింట్లు వెనకబడి కూడా 70-67తో గెలిచింది. ఆ రాత్రి కేటీలో ఆ వీధి నిద్రపోలేదు. రెండు రోజులకు శాన్ ఆంటోనియోలో ఫైనల్. రెండో సగంలో 12 పాయింట్ల ఆధిక్యం. ఫ్లోరిడా చేతిలో 65-63తో ఓటమి. ఆఖరి క్షణాల్లో బుట్టవైపు బంతి విసిరే వీలు కూడా చిక్కలేదు. 1983లో, 1984లో, ఇప్పుడు: ఫైనల్ చేరడం మూడుసార్లు, కప్పు ఒక్కటీ లేదు. ఆ వారమంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. శుక్రవారం ఎరుపే వేసుకున్నాడు.

ఆ ఊళ్లో చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట. మీకు మ్యాచ్ టికెట్ ఉచితం. మెట్రో రైలు పర్పుల్ లైన్ స్టేడియం పక్కనే ఆగుతుంది, పార్కింగ్ గొడవ లేదు. ఆట అర్థం కాకపోతే ఆయన వెనక వరసలో కూర్చోండి, చెవి కోసిన మేకలా అరిచినా చెప్పడంలో లోటు చెయ్యడు. మధ్యలో మాత్రం లేచి రాకండి, భోజనం చివర్నే పెడతాడు.